ఆడేవాళ్లు ఒకరు, ఎంచేవాళ్లు ఒకరు

(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కూలిరేట్లు, శ్మశాన స్థలం, హాస్టల్ బియ్యం, ఇవన్నీ ఉండగా అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ గురించి మాట్లాడటమేందని మీలో కొందరికి అనిపించవచ్చు. అనిపించటం న్యాయమే. అయినా ఈ పూట దాన్నే ఎత్తుకుంటున్నాం. 'మెరిట్' అనే మాటను అడ్డం పెట్టి మనల్ని ఎక్కడెక్కడ గుమ్మం బయట నిలబెడుతున్నారో మనకు తెలుసు. కానీ నిరూపించమంటే కష్టం. ఇంటర్వ్యూ బోర్డు తలుపులేసుకుంటది. ఫైలు బీరువాలో ఉంటది. మార్కులు ఎందుకు తగ్గాయో చెప్పే నాథుడుండడు. ఆటలో అట్లా కుదరదు. ఎన్ని ఆడారు, ఎన్ని గెలిచారు, ఎన్ని ఓడారు అన్నది ఊరందరికీ తెలిసిన లెక్క. ఆ లెక్క అందరి కళ్ల ముందూ ఉన్నప్పుడు కూడా నల్లవాళ్లను ఎట్లా పక్కకు నెట్టారో చూస్తే, లెక్క దాచిపెట్టే చోట ఏం జరుగుతుందో అర్థం చేసుకోవటం తేలిక.

ముందు ఆ ఆటేందో రెండు ముక్కలు. మనం ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది. వాళ్లు ఆ పేరుతో ఆడేది వేరు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు, అవతలివాళ్లు మీదపడి కూలదోస్తారు. తలకు హెల్మెట్టు, భుజాలకు మెత్తలు. ఒక్కో పక్క 11 మంది. కాలేజీ జట్లంటే మన జూనియర్ కాలేజీ జట్లు అనుకునేరు. అలబామా రాష్ట్రంలో ఆబర్న్ అనే యూనివర్సిటీ ఉంది. దాని స్టేడియంలో 88 వేల మంది కూర్చుంటారు. శనివారం ఆట ఉందంటే అక్కడ మన పెద్ద తిరునాళ్ల కంటే ఎక్కువ జనం.

అంత జనం ఉన్నచోట అంత డబ్బూ ఉంటది. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్లందరిలోకీ పెద్ద జీతం గవర్నరుది కాదు, యూనివర్సిటీ ఫుట్‌బాల్ హెడ్ కోచ్‌ది. 2023లో టెక్సాస్ ఎ అండ్ ఎమ్ యూనివర్సిటీ తన కోచ్‌ను మధ్యలో తీసేసింది. ఒప్పందం ప్రకారం ఆయనకు కట్టాల్సి వచ్చిన సొమ్ము ఏడున్నర కోట్ల డాలర్లకు పైమాటే. పనిచేసినందుకు కాదు, పనిలోంచి పొమ్మన్నందుకు! మరి మైదానంలో ఎముకలు విరగ్గొట్టుకునే కుర్రాళ్లకో? ఏళ్ల తరబడి చదువు ఖర్చు, తిండి, బస. పైసా జీతం లేదు. వాళ్ల పేరు మీద, బొమ్మ మీద వచ్చే డబ్బు వాళ్లు తీసుకోవచ్చని ఒప్పుకున్నది 2021లో. యూనివర్సిటీలే నేరుగా డబ్బివ్వటం 2025లో కోర్టు ఆమోదించిన రాజీ తర్వాతగానీ మొదలుకాలేదు.

ఆ పెద్ద జట్లలో ఆడే కుర్రాళ్లలో దాదాపు సగం మంది నల్లవాళ్లు. హెడ్ కోచ్‌లలో నల్లవాళ్లు ఇటీవలి సంవత్సరాల్లో కూడా పదిమందికి ఒకరు, కాస్త అటూ ఇటూ. ఊరి జాతరలో డప్పు కొట్టేది ఎవరు, ధర్మకర్తల కమిటీలో కూర్చునేది ఎవరు అన్నది మీకు తెలిసిందే గదా. అక్కడా అంతే.

కోచ్‌ను ఎంచుకునేది ఎవరు? కాగితం మీద యూనివర్సిటీ ప్రెసిడెంటు, ఆయన కింద క్రీడల డైరెక్టరు. వాళ్ల వెనక ట్రస్టీలు. ట్రస్టీల వెనక పెద్ద చందాలిచ్చే ధనికులు. ఈమధ్య మనుషులను వెతికిపెట్టే కంపెనీలు కూడా చేరాయి, వాటికి ఫీజు వేరే. నవంబరు ఆఖరుకు సీజను అయిపోతది. కోచ్‌ను తీసేస్తారు. కొత్త కుర్రాళ్లను చేర్చుకునే గడువు డిసెంబరులో మీదికొస్తది గనక పది పదిహేను రోజుల్లో కొత్తవాణ్ణి తేల్చాలంటారు. ఈ తొందరలో ఎవరి పేరు ముందుకొస్తది? క్రీడల డైరెక్టరు జేబులో ముందే మడిచిపెట్టిన చీటీలో ఉన్నవాడిది. ఆ చీటీలోకి ఎక్కాలంటే వాళ్ల విందుల్లో, వాళ్ల గోల్ఫ్ మైదానాల్లో కనపడుతూ ఉండాలి.

ఇది ఎంత చీకట్లో జరుగుతుందో చెప్పటానికి ఒక సంఘటన చాలు. 2003 నవంబరులో ఇదే ఆబర్న్ యూనివర్సిటీ ప్రెసిడెంటు, క్రీడల డైరెక్టరు, ఇద్దరు ట్రస్టీలు కలిసి విమానమెక్కి లూయివిల్ కోచ్‌ను గుట్టుగా కలిసి వచ్చారు. అప్పటికి తమ సొంత కోచ్ ఉద్యోగంలోనే ఉన్నాడు. అలబామాతో ఏడాదికంతటికీ పెద్ద ఆట ఇంకా రెండు రోజుల్లో ఉంది. సంగతి బయటపడింది, గోల అయింది. కొద్ది వారాలకు ప్రెసిడెంటు రాజీనామా చేయాల్సి వచ్చింది. వాళ్లు కలవబోయినవాడూ తెల్లవాడే, తీసేయబోయినవాడూ తెల్లవాడే. తమలో తాము మార్చుకునేటప్పుడే ఇంత గుట్టుంటే, బయటివాడికి ఆ తలుపు సందులోంచి వెలుతురన్నా కనపడుతుందా?

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి. అమెరికా దక్షిణాది రాష్ట్రాల యూనివర్సిటీల్లో నల్లవాళ్లను అసలు చదువుకే రానివ్వలేదు. 1963 జూన్ 11న అలబామా గవర్నరు జార్జి వాలెస్ యూనివర్సిటీ గుమ్మంలో స్వయంగా అడ్డం నిలబడ్డాడు, ఇద్దరు నల్ల విద్యార్థులు లోపలికి అడుగుపెట్టకుండా. వివియన్ మలోన్, జేమ్స్ హుడ్ ఆ ఇద్దరి పేర్లు. సైన్యం అధికారి వచ్చి చెప్తే గానీ పక్కకు తప్పుకోలేదు. అదే అలబామా ఫుట్‌బాల్ జట్టు 1970లో సొంత రాష్ట్రంలో, నల్ల ఆటగాళ్లున్న సదరన్ కాలిఫోర్నియా జట్టు చేతిలో 42-21 తేడాతో చిత్తుగా ఓడింది. 1971లో అలబామా మైదానంలోకి నల్లకుర్రాళ్లు దిగారు. ఓడిపోతున్నప్పుడు అంటు గుర్తుకు రాదు. కాళ్లూ చేతులూ కావాల్సి వచ్చినప్పుడు గుమ్మం తెరుచుకుంది. మెదడు కూర్చోవాల్సిన కుర్చీ దగ్గరికి వచ్చేసరికి ఇంకో 32 ఏళ్లు పట్టింది.

అట్లా లోపలికొచ్చిన తొలితరం నల్లకుర్రాళ్లలో ఒకరు సిల్వెస్టర్ క్రూమ్. అలబామా యూనివర్సిటీ ఉన్న టస్కలూసాలోనే పుట్టాడు. తండ్రి పాస్టరు. 1974లో దేశం మొత్తమ్మీద మేటి ఆటగాళ్ల జాబితాలోకెక్కాడు. తర్వాత అదే యూనివర్సిటీలో 10 ఏళ్లకు పైగా సహాయ కోచ్. తర్వాత వృత్తి జట్లలో ఇంకో పదహారేళ్లకు పైగా కోచ్. అలబామా ఆయన పేరిట ఒక అవార్డు కూడా తన ఆటగాళ్లకు ఇస్తూ వచ్చింది. 2003 మే నెలలో అలబామాకు హఠాత్తుగా హెడ్ కోచ్ కావాల్సి వచ్చింది. క్రూమ్‌ను ఇంటర్వ్యూ చేశారు. ఉద్యోగం మాత్రం మైక్ షులా అనే 37 ఏళ్ల తెల్లవాడికిచ్చారు. ఈ షులా 80లలో అలబామాకు ఆడిన కుర్రాడు. అప్పుడు క్రూమ్ అదే జట్టుకు సహాయ కోచ్! ఇద్దరిలో ఎవరూ అంతకుముందు హెడ్ కోచ్‌గా చేయలేదు. షులా తండ్రి మాత్రం వృత్తి ఫుట్‌బాల్‌లో పేరుమోసిన కోచ్. అవార్డుకు క్రూమ్ పేరు పనికొచ్చింది, కుర్చీకి పనికిరాలేదు.

ఆ డిసెంబరులోనే పక్క రాష్ట్రంలోని మిసిసిపి స్టేట్ యూనివర్సిటీ క్రూమ్‌ను పిలిచింది. 1932లో పుట్టిన సౌత్ ఈస్టర్న్ లీగులో ఆయనే మొట్టమొదటి నల్ల హెడ్ కోచ్. దేశం మొత్తమ్మీద పై స్థాయిలో ఉన్న 117 జట్లలో అప్పటికి నల్ల కోచ్‌లు ఆయనతో కలిపి ఐదుగురు. పండగ చేసుకోవాల్సిన రోజే, చేసుకున్నారు కూడా. అయితే చేతికిచ్చిన జట్టు ఎట్లాంటిదో చూడాలి. పాత యాజమాన్యం హయాంలో జరిగిన తప్పులకు ఆంక్షలు వచ్చి పడినాయి. కొత్త కుర్రాళ్లను చేర్చుకునే వీలు తగ్గింది. వరసగా ఓడిపోతున్న జట్టు. మంచి మాగాణి వాళ్ల వాళ్లకు, చవుడు పడిన చెలక మనకు పట్టా ఇచ్చినట్టన్నమాట. పట్టా ఇచ్చాం గదా, పండించి చూపమంటారు. క్రూమ్ పండించాడు కూడా. 2006లో అలబామాకు వెళ్లి అలబామాను ఓడించాడు. ఆ నెల తిరక్కుండానే షులాను తీసేశారు. 2007లో మిసిసిపి స్టేట్ 8 గెలిచింది, లీగులో ఆ ఏటి మేటి కోచ్ క్రూమే. మరుసటేడు 4 గెలిచి 8 ఓడింది, క్రూమ్ తప్పుకున్నాడు. మళ్లీ ఏ పెద్ద యూనివర్సిటీకీ హెడ్ కోచ్ కాలేదు. వృత్తి జట్లలో సహాయ కోచ్‌గానే మిగతా కాలం గడిచింది. ఐదేళ్లలో 21 గెలుపులు, 38 ఓటములు. గొప్ప లెక్కేం కాదు. దాన్ని దాచిపెట్టాల్సిన పనీ మాకు లేదు. మనవాడు గనక ఓటమి కూడా గెలుపే అనే వాదన మేం చేయం. కానీ ఓడినవాళ్లందరికీ ఒకటే కొలత వాడారా అన్నది అడుగుతున్నాం.

ఇప్పుడు అసలు లెక్కకొద్దాం. కాగితం, కలం ఉన్నవాళ్లు రాసుకోండి.

2008 డిసెంబరు. ఆబర్న్‌లో పదేళ్లు చేసిన కోచ్ వెళ్లిపోయాడు. కొత్తవాడు కావాలి. ఇద్దరి పేర్లు చూద్దాం. ఒకరు టర్నర్ గిల్, నల్లవాడు. బఫలో యూనివర్సిటీ కోచ్. 2005లో బఫలో 11 ఆటల్లో 1 గెలిచింది. గిల్ వచ్చాక మొదటి ఏడు 2, రెండో ఏడు 5, మూడో ఏడు 8 గెలుపులు. 2008లో తమ లీగు ఫైనల్లో అప్పటిదాకా ఒక్కటీ ఓడని బాల్ స్టేట్‌ను 42-24తో ఓడించి కప్పు ఎత్తుకెళ్లారు. రెండో పేరు జీన్ చిజిక్, తెల్లవాడు. అయోవా స్టేట్ యూనివర్సిటీకి రెండేళ్లు హెడ్ కోచ్. మొదటి ఏడు 3 గెలుపులు, 9 ఓటములు. రెండో ఏడు 2 గెలుపులు, 10 ఓటములు. మొత్తం 5 గెలిచి 19 ఓడాడు.

ఆబర్న్ ఎవర్ని తీసుకుంది? చిజిక్‌ను. ఆబర్న్‌లో చదివి బాస్కెట్‌బాల్‌లో దేశానికే పేరు తెచ్చిన నల్ల ఆటగాడు చార్లెస్ బార్క్‌లీ ఊరుకోలేదు. ఇందులో రంగు పనిచేసిందని బాహాటంగా అన్నాడు. యాజమాన్యం వైపు వాళ్ల జవాబేందంటే, చిజిక్ అంతకుముందు ఆబర్న్‌లోనే సహాయ కోచ్‌గా మంచి పని చేశాడు, మనిషి మాకు తెలుసు, అతనిలో సత్తా మాకు తెలుసు. సరే. ఒప్పుకుందాం. నిజమే, 2004లో ఆబర్న్ ఒక్కటీ ఓడని ఏడు అతను అక్కడే ఉన్నాడు. అంటే వాళ్ల సూత్రం ఏంది? గెలుపోటముల లెక్క ఒక్కటే చూడకూడదు, చేతికి దొరికిన జట్టు ఎట్లాంటిదో చూడాలి, మనిషి వెనకటి పని చూడాలి. మంచి సూత్రమే. గుర్తుపెట్టుకోండి.

తర్వాతేమైంది? 2010లో ఇదే చిజిక్ ఆబర్న్‌కు దేశం మొత్తమ్మీద ఛాంపియన్ కప్పు తెచ్చాడు. 14 ఆడి 14 గెలిచారు. "చూశారా, మేం ఎంచింది సరైనవాణ్ణే. రంగు, గింగు అని గోల చేశారు" అన్నారు. ఇది వినగానే మనవాళ్లు చాలామంది నోరు మూసుకుంటారు. మూసుకోవద్దు. చిజిక్ కప్పు గెలవటంలో రుజువైందేంది? 5-19 లెక్క ఉన్న మనిషి కూడా, మంచి జట్టూ మద్దతూ దొరికితే, దేశాన్ని గెలవగలడని. అంటే 5-19 అనే లెక్కతో ఒక మనిషికి చేతగాదని తీర్పు చెప్పటం తప్పని వాళ్ల కప్పే సాక్ష్యం చెప్తున్నది.

ఇప్పుడు గిల్ సంగతి. 2010 సీజనుకు ఆయన కాన్సాస్ యూనివర్సిటీకి హెడ్ కోచ్ అయ్యాడు. బాస్కెట్‌బాల్‌కు పేరుపడ్డ చోటు, ఫుట్‌బాల్‌లో అడపాదడపా తప్ప వెలగనిది. మొదటి ఏడు 3 గెలుపులు, 9 ఓటములు. రెండో ఏడు 2 గెలుపులు, 10 ఓటములు. మొత్తం? 5-19. మేం లెక్క కల్పించి చెప్పటం లేదు మిత్రులారా. చిజిక్‌కు అయోవా స్టేట్‌లో ఏ రెండు సంఖ్యలు వచ్చాయో, అదే వరసలో, అవే సంఖ్యలు. 5-19తో ఒకరు పెద్ద కుర్చీకి ఎక్కారు. 5-19తో ఇంకొకరిని రెండేళ్లకే, ఐదేళ్ల ఒప్పందం మధ్యలో పంపించేశారు. గిల్ జట్టు కొన్ని ఆటలు ఘోరంగా ఓడిన మాట నిజం. జనం స్టేడియానికి రావటం తగ్గిన మాటా నిజం. అయితే కథ ఇక్కడితో ఆగలేదు.

గిల్ పోయాక కాన్సాస్ తీసుకున్న మనిషి చార్లీ వైస్. తెల్లవాడు. అతని మొదటి ఏడు 1 గెలుపు, 11 ఓటములు. రెండో ఏడు 3 గెలుపులు, 9 ఓటములు. కూడండి. 4-20. గిల్ కంటే ఒకటి తక్కువ గెలిచి ఒకటి ఎక్కువ ఓడాడు. రెండేళ్లకు తీసేశారా? లేదు. మూడో ఏడు కూడా ఇచ్చారు. అందులో నాలుగు ఆటలయ్యాక గానీ పొమ్మనలేదు. ఒకే యూనివర్సిటీ, ఒకే మైదానం, ఒకే లీగు. 5-19కి రెండేళ్లు. 4-20కి రెండేళ్లు దాటి ఇంకొన్ని ఆటలు.

ఈ వైస్ ఎవరు? ఇదీ తెలుసుకోవాలి. కాన్సాస్‌కు రాకముందు నోటర్ డామ్ యూనివర్సిటీ కోచ్. అది కేథలిక్ చర్చి యూనివర్సిటీ, ఫుట్‌బాల్‌లో దేశమంతా ఎరిగిన పేరు. 2001 చివర్లో ఆ యూనివర్సిటీ ఒక తెల్ల కోచ్‌ను ఎంచుకుంది. ఐదు రోజులకు అతను తన చదువు గురించి, తాను ఆడిన ఆట గురించి రాసిచ్చింది అబద్ధమని తేలి రాజీనామా చేశాడు. మెరిట్ పరీక్షించే పెద్దమనుషులు ఆ కాగితం సరిచూసుకోలేదు! ఆ తర్వాత పిలిచింది టైరోన్ విల్లింగ్‌హామ్‌ను. నోటర్ డామ్‌కు తొలి నల్ల ఫుట్‌బాల్ కోచ్. 2002లో వరసగా 8 గెలిచి, మొత్తం 10 గెలిచి 3 ఓడారు. తర్వాత రెండేళ్లు తగ్గింది. 2004 నవంబరు 30న, ఆరేళ్ల ఒప్పందంలో మూడేళ్లకే తీసేశారు. ఆయన లెక్క 36 ఆటల్లో 21 గెలుపులు, నూటికి 58. ఆయనకు ముందున్న బాబ్ డేవీ, తెల్లవాడు, 60 ఆటల్లో 35 గెలుపులు. అదీ నూటికి 58. డేవీకి ఐదేళ్లు ఇచ్చారు. విల్లింగ్‌హామ్ తర్వాత వచ్చినవాడే వైస్. ఏడు ఆటలయ్యాయో లేదో, పదేళ్లకు కొత్త ఒప్పందం రాసిచ్చారు. ఐదేళ్లకు తీసేసినప్పుడు 62 ఆటల్లో 35 గెలుపులు, నూటికి 56. ఇంటికి పంపినందుకు మళ్లీ కోట్ల డాలర్లు.

విల్లింగ్‌హామ్‌ను తీసేసినప్పుడు ఆ యూనివర్సిటీ ప్రెసిడెంటుగా ఉన్న ఫాదర్ మలోయ్, ఇది తనకు సిగ్గుగా ఉందని నలుగురిలో అన్నాడు. ఆయన మాట చెల్లలేదు. కాగితం మీద పెద్ద ఒకరు, పెత్తనం ఇంకొకరిది. మన రిజర్వుడు సర్పంచిని అడిగితే ఈ సంగతి ఇంకా బాగా చెప్తారు. ఇంకొక మాట కూడా చెప్పకపోతే లెక్క సగమే ఐతది. విల్లింగ్‌హామ్‌కు వెంటనే వాషింగ్టన్ యూనివర్సిటీలో ఉద్యోగం దొరికింది. అక్కడ నాలుగేళ్లలో 11 మాత్రమే గెలిచాడు, ఆఖరి ఏడు ఒక్కటీ గెలవలేదు. ఆయనకు రెండో అవకాశం వచ్చింది, నిలబడలేదు. గిల్‌కు కూడా కాన్సాస్ తర్వాత ఉద్యోగం వచ్చింది, కాకపోతే లిబర్టీ యూనివర్సిటీలో, అప్పటికి ఒక మెట్టు కింది స్థాయిలో. చిజిక్ 5-19తో పై మెట్టెక్కాడు, గిల్ 5-19తో కింది మెట్టుకు దిగాడు.

ఎంచేవాళ్ల మనసులో ఏముందో అప్పుడప్పుడు నోరు జారి బయటపడుతుంటది. చార్లీ స్ట్రాంగ్ అని ఒక నల్ల కోచ్. ఫ్లోరిడా యూనివర్సిటీ 2006లో, 2008లో దేశం కప్పు గెలిచినప్పుడు ఆయన డిఫెన్సు కోఆర్డినేటర్. అయినా తొలి హెడ్ కోచ్ ఉద్యోగం వచ్చేసరికి 49 ఏళ్లు. లూయివిల్‌లో నాలుగేళ్లలో 37 గెలిచి 15 ఓడాడు. 2014 జనవరిలో టెక్సాస్ యూనివర్సిటీ ఆయన్ను తీసుకుంది. ఆ యూనివర్సిటీకి రెడ్ మెక్‌కోమ్స్ అనే వ్యాపారి 5 కోట్ల డాలర్ల చందా ఇచ్చాడు, అక్కడి బిజినెస్ స్కూలుకు ఆయన పేరే. ఆయన రేడియోలో ఏమన్నాడంటే, ఈ నియామకం ముఖాన తన్నినట్టుంది, స్ట్రాంగ్ ఒక విభాగానికి కోచ్‌గానో, మహా అయితే కోఆర్డినేటర్‌గానో బాగా పనికొస్తాడు, అని. తర్వాత క్షమాపణ చెప్పాడనుకోండి. చెప్పినా మాట దొర్లిపోయింది. 37 గెలిచినా సరే, నీ చోటు ఫలానా గడప దగ్గర. ఆ గడప దాటితే మాకు తన్నినట్టుంటది. ఇట్లాంటి గడపలు మనకు కొత్తా?

ఆ గడప ఎక్కడ మొదలవుతుందో కూడా చెప్పుకోవాలి. మైదానంలో ఆలోచన నడిపే స్థానాలు కొన్ని ఉంటాయి. బంతి ఎవరికివ్వాలో, ఎటు విసరాలో చెప్పే క్వార్టర్‌బ్యాక్ అందులో ముఖ్యం. చాలాకాలం నల్లకుర్రాళ్లను ఆ స్థానం నుంచి తప్పించి, వేగం కావాల్సిన స్థానాలకు, పరుగెత్తేవాడిగా, బంతి అందుకునేవాడిగా మార్చేవాళ్లు. వీళ్లకు కాళ్లు ఉన్నాయి, తల లేదు అన్నట్టు. ఆ కుర్రాళ్లే పెద్దయ్యాక సహాయ కోచ్‌లైతే, పరుగు నేర్పే కోచ్‌లుగా ఉంటారు. ఆట మొత్తం నడిపే కోఆర్డినేటర్ ఉద్యోగం రాదు. హెడ్ కోచ్‌ను ఎంచేటప్పుడు "కోఆర్డినేటర్‌గా అనుభవం లేదే" అంటారు. పైగా నల్ల సహాయ కోచ్‌లకు అప్పజెప్పే ఇంకో పని ఉంది. నల్లవాళ్ల ఇళ్లకెళ్లి, ఆ తల్లుల ముందు కూర్చుని, మీ అబ్బాయిని మా యూనివర్సిటీకి పంపమని అడిగి తీసుకురావటం. తల్లిని ఒప్పించటానికి నల్లవాడు కావాలి. బిడ్డను తెచ్చి పెట్టాక జట్టు పగ్గం ఇంకొకరి చేతికి.

నల్లవాళ్లకు తల లేదనేవాళ్లకు ఎడ్డీ రాబిన్సన్ పేరు చెప్పాలి. లూసియానాలో నల్లవాళ్ల కాలేజీ గ్రాంబ్లింగ్‌కు 1941 నుంచి 1997 దాకా ఆయనే కోచ్. 408 ఆటలు గెలిచాడు. అలబామా వాళ్లు దేవుడిలా కొలిచే బేర్ బ్రయంట్ లెక్క 323. దాన్ని రాబిన్సన్ 1985లోనే దాటేశాడు. 408 సార్లు గెలిచిన తల ఎట్లాంటిదో వాళ్లే చెప్పాలి.

మరి నల్లవాళ్లు చూస్తూ కూర్చున్నారా? లేదు. నల్ల కోచ్‌ల సంఘం 2004 నుంచి ఒక పని మొదలుపెట్టింది. ఏ యూనివర్సిటీలో కొత్త హెడ్ కోచ్‌ను ఎంచినా, ఆ ఎంపికకు మార్కులేసి ప్రకటించటం. బడిపిల్లలకు వేసినట్టు ఎ, బి, సి, ఎఫ్. ఎంపిక కమిటీలో ఎవరెవరున్నారు? ఆఖరి జాబితాలో నల్లవాళ్లు, ఇతర మైనారిటీలు ఉన్నారా? వెతకటానికి ఎన్ని రోజులు తీసుకున్నారు? తమ సొంత నియామక నిబంధనలు పాటించారా? ఈ ప్రశ్నలకు మార్కులు. మాకు ఇది చాలా నచ్చింది. ఎప్పుడూ మనకు మార్కులేసే బోర్డుకు మనం మార్కులేయటం! ఒక్క ఏడాదిలో అంతా మారిపోలేదు. కానీ ఆబర్న్ గొడవ జరిగిన మరుసటి డిసెంబరులో గిల్, స్ట్రాంగ్, వర్జీనియాలో మైక్ లండన్, ఇట్లా నల్ల కోచ్‌ల నియామకాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. గోల చేయకపోతే వచ్చేవా?

చట్టం సంగతి. ఆరెగాన్ రాష్ట్రం 2009లో చట్టం చేసింది, ప్రభుత్వ యూనివర్సిటీలు హెడ్ కోచ్‌ను తీసుకునేముందు అర్హత ఉన్న మైనారిటీ అభ్యర్థిని కనీసం ఒకరిని ఇంటర్వ్యూ చేసి తీరాలని. వృత్తి జట్ల లీగు 2003 నుంచే అట్లాంటి నిబంధన పెట్టుకుంది. ఇంటర్వ్యూకి పిలవటం వరకే నిబంధన, ఇవ్వటం వాళ్లిష్టం. ఏమైందో చూడండి. 2022లో బ్రయన్ ఫ్లోరెస్ అనే నల్ల కోచ్ వృత్తి లీగు మీద కోర్టుకెక్కాడు. ఆయన దావాలో చెప్పిందేందంటే, తన ఇంటర్వ్యూకి మూడు రోజుల ముందే, ఆ ఉద్యోగం వచ్చినందుకు అభినందనలు అంటూ ఫోనులో మెసేజి వచ్చింది. అది ఇంకో బ్రయన్‌కు, తెల్ల బ్రయన్‌కు పంపబోయి పొరపాటున ఈయనకు పంపారట! అంటే ఉద్యోగం ఎవరికో ముందే తేలిపోయింది, ఇంటర్వ్యూ లెక్క పూర్తిచేయటానికి. మన బ్యాక్‌లాగ్ పోస్టుల ఇంటర్వ్యూలకు చార్జీలు పెట్టుకుని వెళ్లొచ్చి, "తగిన అభ్యర్థులు లేరు" అనే కాగితం అందుకున్నవాళ్లకు ఆ బాధేందో తెలుసు.

ఇన్ని చెప్పి, మారినదాన్ని చెప్పకపోతే తప్పు. 2021 డిసెంబరులో నోటర్ డామ్‌కు మళ్లీ కోచ్ కావాల్సి వచ్చింది. ఉన్నాయన వేరే యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. సహాయ కోచ్‌గా ఉన్న మార్కస్ ఫ్రీమన్ కావాలని ఆటగాళ్లే కోరుకున్నారు. తండ్రి నల్లవాడు, తల్లి కొరియా ఆమె. వయసు 35, హెడ్ కోచ్ అనుభవం లేదు. తీసుకున్నారు. మొదటి మూడు ఆటలూ ఓడాడు. ఆగారు. 2024లో నార్తర్న్ ఇల్లినాయ్ అనే చిన్న జట్టు చేతిలో సొంత మైదానంలో ఓడాడు. అప్పుడూ ఆగారు. ఆ డిసెంబరులో ఒప్పందం పొడిగించారు. 2025 జనవరిలో సెమీఫైనల్లో పెన్ స్టేట్‌ను 27-24తో ఓడించి, దేశం ఫైనల్ దాకా జట్టును తీసుకెళ్లిన మొట్టమొదటి నల్ల హెడ్ కోచ్ అయ్యాడు. అవతల పెన్ స్టేట్ కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్ కూడా నల్లవాడే, ఎవరు గెలిచినా ఆ మాట నిజమయ్యేది. ఫైనల్లో ఫ్రీమన్ ఓడాడు, 34-23. 2025 సీజనుకూ ఆయనే కోచ్. విల్లింగ్‌హామ్‌ను మూడేళ్లకు పంపించేసిన యూనివర్సిటీయే ఇది.

ఫ్రాంక్లిన్‌ను 2025 అక్టోబరులో, వరసగా మూడు ఓడాక, పెన్ స్టేట్ తీసేసింది. ఐదు వారాలు తిరిగేసరికి వర్జీనియా టెక్ పిలిచి హెడ్ కోచ్ ఉద్యోగమిచ్చింది. అదీ పై మెట్టు మీదనే. ఓడిన నల్లవాడికి మళ్లీ అదే వరసలో కుర్చీ వేయటం క్రూమ్‌కు జరగలేదు, గిల్‌కు జరగలేదు.

మీలో కొందరు బ్యాక్‌లాగ్ పోస్టుల కాగితాలు తెచ్చారని విన్నాం. ఎన్ని ఖాళీలు, ఎన్ని నింపారు అన్నది ఒక్కటే రాసి ఉంటే సరిపోదు. ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్నది ఎవరెవరు, ప్రకటనకూ ఇంటర్వ్యూకూ మధ్య ఎన్ని రోజులిచ్చారు, తీసుకున్నవాళ్లను ఎన్నాళ్లు ఉంచారు, అదే తప్పు చేసిన ఇంకొకరిని ఎన్నాళ్లు ఉంచారు, ఇవి కూడా రాయండి. మార్కులు వేయటానికి ఒక ఫారం తయారుచేశాం. భోజనాలయ్యాక దాంతోనే మొదలుపెడదాం.